అక్కా, మొదటి లినక్స్ ఏది వేసుకోను?

ప్రతి ఏడాదీ సెకండియర్ క్లాసులు మొదలైన రెండు వారాలకి ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. ఈసారి ల్యాబ్ బయట చెప్పులు వేసుకుంటుండగా వచ్చింది.

"అక్కా, లినక్స్ వేద్దామనుకుంటున్నా. ఉబుంటూ వేసుకోనా, ఫెడోరానా? మా రూమ్మేటేమో కాలీ వేసుకోమంటోంది."

ఒక పేరు చెప్పేసి వెళ్లిపోవడం తేలిక. నేను మాత్రం తిరిగి మూడు ప్రశ్నలు వేశాను. ల్యాప్‌టాప్ నీ ఒక్కదానిదేనా, ఇంట్లో ఇంకెవరైనా వాడతారా? అందులో పోతే ఏడవాల్సిన ఫైళ్లేమైనా ఉన్నాయా? లినక్స్ వేసుకున్నాక మొదటి ఆదివారం కూర్చుని ఏం రాద్దామనుకుంటున్నావ్? మొదటి రెండిటికీ ఏదో చెప్పింది. మూడోదానికి కాసేపు ఆలోచించి, "ఏమో అక్కా, అందరూ వేసుకుంటున్నారు కదా" అంది.

రెండేళ్ల క్రితం అడిగుంటే నేనూ అదే చెప్పేదాన్ని. ఆ జవాబు ఖరీదు మా నాన్న కట్టారు.

మాది మిర్చి ప్రాంతం. నాన్నకి ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. రైతులు సీజన్ మొదట్లో సరుకు అరువు మీద తీసుకెళ్తారు, కాయలు గుంటూరు యార్డులో అమ్ముకున్నాక తీరుస్తారు. ఆ అరువు ఖాతాలన్నిటినీ ఎక్సెల్‌లోకి ఎక్కించింది నేనే. ఫస్టియర్ సెలవుల్లో, "ఇంకా ఈ పుస్తకాలేంటి నాన్నా" అని వెక్కిరించి మరీ. ఆ తర్వాత కొత్తగా ఇచ్చిన అరువులు ఆయన ఫోన్లో చెప్పడం, నేను హాస్టల్లో కూర్చుని ఎక్కించడం. ఫైలు నా ల్యాప్‌టాప్‌లోనే ఉండేది. ఇంకెక్కడా లేదు.

సెకండియర్ దసరా సెలవుల్లో ఒక వీడియో చూశాను. నల్ల తెర, పచ్చ అక్షరాలు, మూలన తిరిగే గ్రాఫులు. ఆ డెస్క్‌టాప్ నాకు కావాలి, అంతే. పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని ఇన్‌స్టాల్ మొదలుపెట్టాను. ఒకచోట అడిగింది: ఉన్న విండోస్ పక్కన వేయాలా, డిస్క్ మొత్తం చెరిపేసి వేయాలా? పక్కన వేయడమంటే ఏవో సైజులు ఇవ్వాలి, గీతలు జరపాలి. రెండోది సింపుల్‌గా ఉంది. ఇక వెనక్కి తీసుకోలేరు, సరేనా అని ఇంకోసారి కూడా అడిగింది. కంటిన్యూ నొక్కాను. ఆ డిస్ట్రో పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే తప్పు దానిది కాదు. అది రెండుసార్లు అడిగింది.

నాన్న తిట్టలేదు. అటక మీంచి పాత బిల్లు పుస్తకాలు దించారు. ఇద్దరం నాలుగు రాత్రులు కూర్చుని ఖాతాలు మళ్లీ రాశాం. బిల్లు లేకుండా మాట మీద ఇచ్చినవి ఆయనకి గుర్తున్నంత వరకే. వసూళ్లప్పుడు కొందరు రైతులు వాళ్లంతట వాళ్లే వచ్చి "నాది ఇంకా ఇంతుందయ్యా" అని చెప్పారు. కొందరు చెప్పలేదు. మొత్తం ఎంత పోయిందో నాన్న ఇప్పటికీ నాతో అనలేదు, నేనూ అడగలేదు.

కాబట్టి ఏది వేసుకోవాలన్న ప్రశ్నకి నా దగ్గర కాస్త పొడుగు జవాబే ఉంది.

ముందు డిస్ట్రో అంటే ఏంటో తేల్చేద్దాం. మనం లినక్స్ అని పిలిచేదాంట్లో అసలు లినక్స్ కెర్నల్ ఒక్కటే, అంటే ప్రాసెసరు, మెమరీ, డిస్కుల్ని ప్రోగ్రాములకి పంచిపెట్టే భాగం. 1991 ఆగస్టు 25న హెల్సింకి యూనివర్సిటీలో చదువుకుంటున్న 21 ఏళ్ల లినస్ టోర్వాల్డ్స్, తానొక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, ఇది ఊరికే హాబీ అని, పెద్దదేమీ అవ్వదని మినిక్స్ వాడేవాళ్లకి ఒక సందేశం పెట్టాడు. అంటే హాబీ ప్రోగ్రామింగ్ కోసం లినక్స్ వేసుకోవడం కొంచెం తమాషాయే, లినక్సే ఒకడి హాబీ ప్రోగ్రాము.

కెర్నల్ ఒక్కటీ చేతికిస్తే మనకేం పనికిరాదు. కంపైలరు, షెల్లు, ఫైళ్ల పనిముట్లు కావాలి. వాటిలో చాలా భాగం రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు నుంచి వచ్చినవి. వీటన్నిటినీ కలిపి, పైన ఒక డెస్క్‌టాప్ పెట్టి, ఇన్‌స్టాల్ చేసుకునేలా మూట కట్టి ఇస్తే అది డిస్ట్రిబ్యూషన్. హాస్టల్ భాషలో చెప్పాలంటే బియ్యం ఒకటే, మెస్సులు వేరు.

అందుకే డిస్ట్రోల గురించి రూముల్లో జరిగే యుద్ధాలు నాకు అంతగా ఎక్కవు. జీసీసీ, పైథాన్, గిట్ ఎక్కడైనా అవే. మీరు రాసిన సీ ప్రోగ్రాముకి తను ఉబుంటూలో నడుస్తోందో ఫెడోరాలో నడుస్తోందో తెలియదు. తేడా ఎక్కువగా సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే ప్యాకేజీ మేనేజర్ దగ్గర, వెర్షన్లు ఎంత కొత్తవి అన్నదగ్గర వస్తుంది. వీటికన్నా నేను ముందు చూసేది ఇంకోటుంది. రాత్రి పదకొండింటికి మీ మెషీన్ మొరాయిస్తే, అదే డిస్ట్రో వాడే మనిషి ఎన్ని రూముల అవతల ఉన్నారు? మీ ఫ్లోర్‌లో ఇద్దరు ఫెడోరా వాడుతుంటే, ఈ వ్యాసంలో నేను ఏం చెప్పినా సరే, ఫెడోరా వేసుకోండి.

అసలు ఎందుకు వేసుకోవాలి అన్నదానికి నాకు జవాబు ఒక రైలు వల్ల దొరికింది.

డిస్క్ గొడవ సద్దుమణిగాక ఒక సీనియర్ నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేసిచ్చాడు. వేసిస్తూ చెప్పకుండా "ఎస్ఎల్" అనే ప్యాకేజీ కూడా పెట్టాడు. ఫైళ్ల జాబితా చూడ్డానికి కొట్టే కమాండ్ "ఎల్ఎస్". తొందరలో వేళ్లు తడబడి ఎస్ఎల్ కొడితే, తెర మీద కుడి నుంచి ఎడమకి పొగ వదులుకుంటూ ఒక ఆవిరి రైలు పోతుంది. కంట్రోల్ సీ నొక్కినా ఆగదు. లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర నిలబడ్డట్టు నిలబడి, అది పోయాక మన పని చూసుకోవాలి. మొదటి రెండుసార్లు నవ్వొచ్చింది. ఆ తర్వాత చిరాకు.

తీసేయొచ్చు. కానీ ఆ సీనియరే, "అది ఎందుకు ఆగట్లేదో చూడు" అన్నాడు. మింట్ సెట్టింగుల్లో సోర్స్ ప్యాకేజీలు కూడా తెచ్చుకునేలా ఒక టిక్ పెట్టి, "ఆప్ట్ సోర్స్ ఎస్ఎల్" కొడితే ఆ రైలు సోర్స్ కోడ్ మొత్తం నా ఫోల్డర్‌లోకి దిగింది. అంతా కలిపి కొన్ని వందల లైన్ల సీ. ఇంజిను, బోగీ బొమ్మలు వేరే హెడర్ ఫైల్లో స్ట్రింగులుగా ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా మెయిన్‌లో ఒక లైను కనిపించింది: ఇంటరప్ట్ సిగ్నల్ వస్తే పట్టించుకోవద్దు అని. కంట్రోల్ సీ పంపేది ఆ సిగ్నల్‌నే. లైను తీసేసి "మేక్" కొట్టాను. కర్సెస్ హెడర్ ఫైల్ దొరకలేదని ఎర్రర్. ఒక లైబ్రరీని వాడుకోవడానికి ఒక ప్యాకేజీ, దాంతో ప్రోగ్రాములు రాయడానికి చివర "డెవ్" అని ఉండే ఇంకో ప్యాకేజీ ఉంటాయని అప్పుడే తెలిసింది. అది వేసి మళ్లీ మేక్ కొడితే కంపైల్ అయింది. రైలు వదిలాను. కంట్రోల్ సీ. ఆగిపోయింది.

సిగ్నల్స్ గురించి ఓఎస్ సబ్జెక్టులో ఒక యూనిట్ చదివి పరీక్ష కూడా రాశాను. అర్థమైంది మాత్రం ఆ రోజే. ఓపెన్ సోర్స్ అంటే ఉచితం అనుకునేదాన్ని. ఉచితం సరే, నాకు చిరాకు తెప్పించినదాన్ని విప్పి, సరిచేసి, మళ్లీ బిగించుకోగలగడం దాని అసలు సంగతి. అందుకే మొదటి డిస్ట్రోకి నా కొలత ఇది: "ఇది నచ్చలేదు" అనుకున్న దగ్గర్నుంచి "నేనే మార్చేశా" అనేదాకా దూరం ఎంత తక్కువుంటే అంత మంచిది. ఆ దారిలో వైఫై కోసం, సౌండ్ కోసం రోజుల తరబడి కుస్తీ ఉండకూడదు. అది కూడా నేర్చుకోవడమే అనేవాళ్లుంటారు. రెండో ఏడాది నేర్చుకోవచ్చు.

ఆ కొలతతో చూస్తే నేను చెప్పేది మింట్. ఇది ఉబుంటూ ఎల్‌టీఎస్ మీద కట్టింది. రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చి, అయిదేళ్లు అప్‌డేట్లు అందే ఉబుంటూ వెర్షన్లని ఎల్‌టీఎస్ అంటారు. మింట్ 22 సిరీస్ ఉబుంటూ 24.04 మీద ఉంది, 2029 దాకా ఢోకా లేదు. డిగ్రీ అయిపోతుంది. ఉబుంటూకి రాసిన సలహాలు దాదాపు అన్నీ దీనికీ పనిచేస్తాయి. మెనూ విండోస్ అలవాటున్నవాళ్లని కంగారుపెట్టదు. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది, ఇంకా పాత మెషీనైతే ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. నేరుగా ఉబుంటూనే వేసుకుంటానంటే దానికీ నేను అడ్డు చెప్పను.

వీటన్నిటికీ అమ్మమ్మ డెబియన్, 1993 నుంచి ఉంది. స్థిరం. వెర్షన్లు కాస్త పాతవి ఉంటాయి. కొత్త ల్యాప్‌టాప్‌కి మొదటిసారి నేను చెప్పను గానీ, ఒక మూలన పెట్టి మర్చిపోవాల్సిన మెషీన్‌కి అంతకన్నా మంచిది లేదు. ఫెడోరాలో ఆరునెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి దాదాపు 13 నెలలు అప్‌డేట్లు అందుతాయి. కొత్త కంపైలర్లు ముందే కావాలనుకునేవాళ్లకి బాగుంటుంది. ఆర్చ్ మొదటిసారికి వద్దు, కానీ దాని వికీ మాత్రం ఏ డిస్ట్రో వాడినా బుక్‌మార్క్ చేసుకోండి.

కాలీ గురించి ఒక మాట, రూమ్మేట్ గారి కోసం. అది సెక్యూరిటీ టెస్టింగ్ చేసేవాళ్ల పనిముట్ల పెట్టె. లినక్స్ కొత్తవాళ్లకి ఇది తగదని దాని సొంత డాక్యుమెంటేషనే చెప్తోంది. డ్రాగన్ బొమ్మ బాగుంటుంది, కాదనను. వాల్‌పేపర్ విడిగా కూడా దొరుకుతుంది.

అప్లికేషన్లు కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ లోపలే గెలకాలని ఉన్నవాళ్లు కొందరుంటారు. వాళ్లకి ఎక్స్‌వీ6. 1975 నాటి యునిక్స్ ఆరో ఎడిషన్‌ని ఆధారంగా చేసుకుని, 2006లో ఎంఐటీ వాళ్లు క్లాసులో పాఠం చెప్పడానికి రాసుకున్న చిన్న సిస్టమ్ ఇది. కెర్నల్ మొత్తం కొన్ని వేల లైన్లే, ఒక సెలవుల్లో చదివేయొచ్చు. నిజం మెషీన్ మీద వేయక్కర్లేదు, మింట్ లోపలే క్యూఎము అనే ఎమ్యులేటర్‌లో నడుస్తుంది. పాడుచేసినా కిటికీ మూసేసి మళ్లీ తెరవడమే. దాంట్లో నా సొంత సిస్టమ్ కాల్ ఒకటి చేర్చిన రోజు హాస్టల్లో ఎవరికి చెప్పుకోవాలో తెలీక అమ్మకి ఫోన్ చేశాను. "అన్నం తిన్నావా" అంది.

ఇక వేసుకునే పద్ధతి. ఇక్కడే నేను మునిగాను కాబట్టి కాస్త ఆగి చదవండి.

మొదటి వారం డిస్క్ జోలికే వెళ్లకండి. పెన్‌డ్రైవ్ మీంచి లైవ్‌గా నడపండి. ఇన్‌స్టాల్ నొక్కనంత వరకు డిస్క్ మీద ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్, వెలుతురు తగ్గించే కీలు పనిచేస్తున్నాయో లేదో అప్పుడే చూసుకోండి. లేదా విండోస్ లోపలే వర్చువల్‌బాక్స్ వేసి అందులో పెట్టుకోండి, 8 జీబీ ర్యామ్ ఉంటే చాలు. డబ్ల్యుఎస్ఎల్ కూడా ఉంది. కమాండ్ లైన్ ఒక్కటే చాలనుకుంటే, ల్యాప్‌టాప్ ఇంట్లో అందరిదీ అయితే, అది సిగ్గుపడాల్సిన ఎంపికేం కాదు.

పక్కపక్కన రెండూ వేసుకోవాలనే నిర్ణయానికి వచ్చారా? అయితే ముందు ఫైళ్లు బయటికి తీయండి. బయటికంటే అదే ల్యాప్‌టాప్‌లోని డీ డ్రైవ్ కాదు, వేరే వస్తువు మీదికి. తీశాక ఇంకో కంప్యూటర్లో ఒకటి రెండు తెరిచి చూడండి. ఈ మధ్య ల్యాప్‌టాప్‌లలో విండోస్ డిస్క్ చాలాసార్లు ఎన్‌క్రిప్ట్ అయ్యే వస్తోంది. సెక్యూర్ బూట్ లాంటివి మారిస్తే తర్వాత విండోస్ తెరుచుకోకుండా బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు. 48 అంకెలు. మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది, ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, లేకపోతే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవ్వదు, లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లోకి రాయడం కుదరకపోవచ్చు. స్థలం చేసేటప్పుడు విండోస్ పార్టిషన్‌ని విండోస్ పనిముట్లతోనే కుదించండి.

అన్నీ సరిగ్గా చేశాక కూడా ఒక భయం పొంచి ఉంటుంది. లినక్స్ నుంచి విండోస్‌లోకి వెళ్లగానే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. రాత్రి పదకొండున్నరకి సాయంత్రం ఆరు చూపిస్తుంది. ఏమీ పాడవలేదు. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో గ్రీనిచ్ లెక్కన టైం పెడుతుంది, విండోస్ దాన్నే మన టైం అనుకుంటుంది. మన దేశానికీ గ్రీనిచ్‌కీ ఉన్న తేడానే ఆ అయిదున్నర. గడియారాన్ని లోకల్ టైంలోనే ఉంచమని లినక్స్‌కి ఒక కమాండ్‌తో చెప్తే సర్దుకుంటుంది.

వేసుకున్న మొదటి నెలలో దాదాపు అందరూ చేసే పని ఇంకోటుంది. "పిప్" తో ఏదో పైథాన్ లైబ్రరీ వేయబోతే, ఈ ఎన్విరాన్‌మెంట్‌ని సిస్టమ్ చూసుకుంటోంది, ముట్టుకోవద్దు అని వస్తుంది. కోపం వచ్చి పైథాన్‌ని తీసేసి మళ్లీ వేద్దామనుకుంటారు. వద్దు. మింట్, ఉబుంటూల్లో డెస్క్‌టాప్ పనులు చాలా ఆ పైథాన్ మీదే నడుస్తాయి. దాన్ని తీస్తే దాంతో పాటు డెస్క్‌టాపే లేచిపోతుంది. తీసేముందు పోయే ప్యాకేజీల జాబితా చూపించి అవునా కాదా అని అడుగుతుంది, ఆ జాబితా చదవండి. ప్రాజెక్టుకో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుంటే ఈ గొడవే లేదు. అడిగినప్పుడు చదవడం గురించి నేను మీకు చెప్పడం ఎంత బాగుందో నాకు తెలుసు.

ల్యాబులో టర్బో సీ నీలం తెర మీద నేర్చుకున్నవాళ్లకి ఒక చిన్న షాక్ కూడా ఉంటుంది. కొనియో హెడర్ ఉండదు, తెర తుడిచే ఫంక్షన్ ఉండదు. రెండు రోజులు దిగులుగా ఉంటుంది, తర్వాత అవి లేకుండానే రాయడం అలవాటవుతుంది.

మన క్లబ్బు వాళ్లకి ఆసక్తిగా ఉండే సంగతి ఒకటి మిగిలింది. ఆ రైలు బోగీ మీద ఇంగ్లిష్ అక్షరాల్లో పల్నాడు ఎక్స్‌ప్రెస్ అని రాసుకున్నాక, తెలుగులో రాద్దామని చూశాను. పిచ్చి గుర్తులు వచ్చాయి. కారణం వెతికితే, ఆ ప్రోగ్రాం బొమ్మని ఒక్కో బైటు చొప్పున గీస్తోంది. తెలుగులో ఒక్కో గుర్తుకి యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడతాయి. ముక్కలు చేస్తే ఏమీ మిగలదు. సరే, ఆ కోడ్ సరిచేసినా టెర్మినల్ తెరంతా సమానమైన గళ్లు. ఒత్తులు, గుడులు ఆ గళ్లలో ఇమడవు. కొన్ని టెర్మినళ్లు నయం, కొన్ని ఘోరం. బ్రౌజర్లో, లిబ్రెఆఫీసులో మాత్రం తెలుగు చక్కగా కనిపిస్తుంది. టైపింగుకి ఐబస్‌లో ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లిష్ కీల మీద ఉచ్చారణని బట్టి కొట్టే ఆర్‌టీఎస్ కూడా ఉంది.

ఈ గొడవలోంచే నా మొదటి సొంత ప్రోగ్రాం పుట్టింది. "లక్ష్మి" అనే మాట తీసుకోండి. సీలో స్ట్రింగ్ పొడవు అడిగితే 21 అంటుంది, అవి బైట్లు. పైథాన్‌ని అడిగితే 7 అంటుంది, అవి యూనికోడ్ గుర్తులు. స్కూల్లో మా తెలుగు మాస్టారిని అడిగితే 2 అంటారు. మాస్టారి జవాబు వచ్చేలా ప్రోగ్రాం రాయడానికి నాకు రెండు వారాలు పట్టింది. హల్లు తర్వాత పొల్లు వస్తే తర్వాతి హల్లుని దాంతో కలపాలి, గుణింతం గుర్తుని ముందున్నదానికి అంటించాలి, సున్నాని వదలకూడదు. అక్షరాలు విడదీయడం వచ్చాక గురువు, లఘువు గుర్తించడం ఒక మెట్టే. ఇప్పుడు పద్యం ఇస్తే గణాలు విడదీసి ఇస్తుంది, అప్పుడప్పుడూ తప్పులతో.

ఇదంతా ఆ అమ్మాయికి క్యాంటీన్లో చెప్పాను. ల్యాప్‌టాప్ వాళ్ల అన్నయ్యది కూడా అట, బ్యాంకు పరీక్షల మెటీరియల్ అంతా అందులోనే ఉందట. పెన్‌డ్రైవ్ మీద మింట్ ఇచ్చి పంపాను. మూడో రోజు వచ్చి, "అక్కా, మీ ప్రోగ్రాంలో 'క్షౌరం' తప్పు లెక్కపెడుతోంది, నేను చూడనా?" అంది. ఇన్‌స్టాల్ ఇంకా చేయలేదు. మూడో ప్రశ్నకి జవాబైతే దొరికినట్టుంది.

మా కొట్టులో ఇప్పుడు పాత డెస్క్‌టాప్ మీద డెబియన్ నడుస్తోంది. ఖాతాలు లిబ్రెఆఫీసులో ఉంటాయి. రోజూ రాత్రి తొమ్మిదింటికి నేను రాసిన పది లైన్ల స్క్రిప్టు ఆ ఫైలుని తేదీ వేసి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తుంది. ఆదివారాలు ఫోన్ చేసి కాపీలు పడుతున్నాయా అని అడుగుతాను, నాన్న చూసి చెప్తారు. ఆయన పక్కన నోటు పుస్తకం కూడా రాస్తూనే ఉన్నారు. మానేయమని నేను చెప్పలేదు.